శిక్షకుని నిర్ణయము, ప్రేక్షకుని ప్రశ్న

ఫుట్‌బాలు పందెము ముగిసిన మరుక్షణమున మరియొక పందెము ప్రారంభమగును. కాఫీ హోటళ్లలోను, పఠనమందిరముల అరుగుల మీదను, రైలుపెట్టెలలోను ఈ రెండవ పందెము సాగును. ఫలానివానిని ఏల దింపిరి? ఫలానివానిని ఏల కూర్చుండబెట్టిరి? దెబ్బ తగిలినవానిని ఏల పరుగెత్తించిరి? అలసినవానిని ఏల మార్చరైరి? ఇవియే అందలి వాదములు. ఈ వాదములు చెవినిబడినప్పుడెల్ల కొందరు పెద్దలు, "శిక్షకునికి లేని తెలివి మీకున్నదా? చూడవచ్చినవారు చూచి పొండు" అని మందలించుట కలదు. ఆటగాండ్రను వినియోగించు విషయమున శిక్షకుడు చేసిన నిర్ణయమును ప్రేక్షకుడు ప్రశ్నింపవచ్చునా, కూడదా? పైకి ఇది చిన్న విషయముగ కనబడును. కాని ఒకరి చేతిలో అధికారము, మరియొకరి శరీరము మీద దాని ప్రయోగము, వేలాది జనుల కన్నుల యెదుట దాని ఫలితము, ఈ మూడును కలిసినచోట పుట్టిన ప్రశ్న ఏదియు చిన్నది కాదని మా అభిప్రాయము.

పెద్దల మాటలో సారము లేకపోలేదు. ప్రేక్షకుడు చూచునది తొంబది నిమిషముల ఆట. శిక్షకుడు చూచునది నెలల తరబడి సాగు సాధన. ఏ కుర్రవాని మోకాలు ప్రొద్దుట వాచినది, ఎవడు రాత్రి నిద్రపోలేదు, ఎవని ఎడమకాలు ఎంతవరకు సాగును, ఎవనికి ఎవనితో పొత్తు కుదురును, ఇవన్నియు శిక్షకునికి తెలిసిన సంగతులు. గట్టు మీద కూర్చున్నవానికి ఇవి తెలియవు. తెలియనివాడు తెలిసినవానిని తప్పుపట్టబోయి నవ్వులపాలగుట లోకమున క్రొత్త కాదు.

ఇందుకు మన హైదరాబాదువారైన సయ్యద్ అబ్దుల్ రహీముగారి చరిత్రకంటె మేలైన నిదర్శనము లేదు. రహీముగారు వృత్తిచేత ఉపాధ్యాయులు. 1950 మొదలు మరణపర్యంతము హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొన్నది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచినదియు ఆయన శిక్షణలోనే. అటువంటి రహీముగారు 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలకు జట్టును తీసికొనిపోయిరి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0గా ఓడించెను. తరువాత థాయిలాండుతో ఆడి గెలిచితిమి గాని, ఆ ఆటలో మన బ్యాకు జర్నెయిల్ సింగు తల పగిలి ఆరు కుట్లు పడినవి.

ఆ గాయమును చూచినవారెవరైనను అతని ఆట అంతటితో సరియనుకొనవలసినదే. రహీముగారు అట్లనుకొనలేదు. సెమీఫైనలున అతనిని వెనుక వరుసలో నిలుపక, ముందు వరుసకు తెచ్చి సెంటర్ ఫార్వర్డుగా ఆడించిరి. కళాశాల దినములలో అతడు ముందు వరుసలో ఆడినవాడేయని ఆయన ఎరుగుదురు. దక్షిణ వియత్నాముపై మన జట్టు 3-2గా గెలిచెను. ఆ మూడు గోలులలో ఒకటి జర్నెయిలుది. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ఎదిరి మరల దక్షిణ కొరియాయే. ఇస్రాయెలును, తైవానును ఆ క్రీడలకు రానీయనందుకు భారత ప్రతినిధి సోంధీ ఆక్షేపించి యుండుటచేత, స్టేడియములో దాదాపు లక్షమంది జనము మనపై కినుకతో నుండిరి. అట్టి దినమున రహీముగారు సెమీఫైనలులో గోలు కాచిన ప్రద్యుత్ బర్మనును తప్పించి, ఫ్లూ జ్వరముపడి లేచిన పీటరు తంగరాజును గోలులో నిలిపిరి. తలకు కట్టుతోనున్న జర్నెయిలును మరల ముందు వరుసలో దింపిరి. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నెయిలు ఒక గోలు వేసిరి. 2-1గా భారతము స్వర్ణపతకమును గెలిచెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు స్వర్ణము వచ్చుట అదియే కడసారి. అప్పటికే క్యాన్సరు వ్యాధి పీడించుచున్న రహీముగారు 1963 జూను 11న పరమపదించిరి.

ఆ దినమున జకార్తాలో ఒక భారతీయ ప్రేక్షకుడు కూర్చుండి యుండెననుకొందము. తల పగిలినవానిని దింపుట యేమి, బ్యాకును ఫార్వర్డు చేయుట యేమి, జ్వరము విడిచీ విడువనివానికి గోలు అప్పగించుట యేమి యని అతడు గగ్గోలు పెట్టియుండును. ఆట విషయమున అతడు పొరబడినవాడే యగును. ఇంతవరకు పెద్దలదే గెలుపు.

కాని అతని ప్రశ్న వ్యర్థమా? కాదు. ఆ ప్రశ్నకు రహీముగారివద్ద జవాబుండెను. వెనుక వరుసలో ఆడుటకు వీలుగాని గాయమును ఆయన లెక్కలోనికి తీసికొనిరి. అందుకే స్థానమును మార్చిరి. జవాబున్నవానిని ప్రశ్న అవమానింపదు. అతని తెలివిని పదిమందికి తెలియజేయును. అదియుగాక, ఆ ప్రశ్నలో ఆట యెత్తులకు సంబంధింపని భాగము మరియొకటి కలదు. ఆరు కుట్లు పడిన తలతో బంతిని కొట్టబోయిన ఆ యువకునికి కుట్లు తెగియుండిన ఏమగును? ఆట నడుమ ఆటగానిని మార్చు పద్ధతి ప్రపంచ కప్పులో సైతము 1970 వరకు లేదు. దిగినవాడు కడవరకు నిలువవలసినదే, లేకున్న జట్టు పదిమందితో ఆడవలసినదే. గాయపడినవానిని దింపుటలోని అపాయము ఆ కాలమున మరింత పెద్దది. ఆ దినము గెలిచితిమి గనుక ఆ సంగతి ఎవరికిని పట్టలేదు. గెలుపు ప్రశ్నకు జవాబు చెప్పదు; ప్రశ్నను కప్పివేయును.

గెలుపు కప్పినదానిని ఓటమి యెట్లు బయటపెట్టునో ముప్పదియారేండ్ల తరువాత పారిసు నగరమున లోకము చూచినది. 1998 జులై 12న ప్రపంచ కప్పు ఫైనలు. బ్రెజిలునకు, ఫ్రాన్సునకు పోటీ. ఆనాటి మధ్యాహ్నము బసలో బ్రెజిలు జట్టులోని రొనాల్డోకు మూర్ఛ వచ్చెను. అతని వయస్సు అప్పటికి ఇరువదియొక్క యేండ్లు. అతనిని ఆస్పత్రికి తీసికొనిపోయి పరీక్షలు చేయించిరి. స్టేడియమున మొదట పంచిన జాబితాలో అతని పేరు లేదు. బదులుగా ఎడ్మండో పేరుండెను. ఇంతలో రొనాల్డో ఆస్పత్రినుండి నేరుగ వచ్చి, నేను బాగుగనే యున్నాను, ఆడెదనని చెప్పెను. పరీక్షలలో దోషమేమియు కనబడలేదనిరి. వైద్యుడు అడ్డుచెప్పలేదు. శిక్షకుడు జగాలో జాబితా మార్చెను. రొనాల్డో ఆట ఆద్యంతము మైదానముననే యుండెను గాని, అది అతని ఆట కాదు. బ్రెజిలు 3-0గా ఓడిపోయెను.

అంతట ఆ దేశమెల్ల ప్రశ్నించెను. జట్టునకు దుస్తులు, బూట్లు సమకూర్చు నైకీ కంపెనీ ఒత్తిడిచేతనే రోగిని దింపిరను వదంతి పుట్టెను. ఆ కంపెనీకిని, బ్రెజిలు ఫుట్‌బాలు సమాఖ్యకును 1996లో కుదిరిన ఒప్పందముపై విచారించుటకు ఆ దేశపు పార్లమెంటు ఒక సంఘమును నియమించెను. 2001 జనవరిలో రొనాల్డో ఆ సంఘము ఎదుట సాక్ష్యము చెప్పి, తన్ను ఎవరును బలవంతపెట్టలేదనెను. పార్లమెంటువారికి వేరు పని లేదా యని నవ్వినవారుండిరి. మేము నవ్వజాలము. ప్రశ్నను అణచినచోట వదంతి పుట్టును. ఆ ఫైనలు నాటి రాత్రియే, ఎవరు చెప్పగా ఎవరు నిర్ణయించిరో, వైద్యుని మాట యేమో బహిరంగముగ చెప్పియుండినచో, రెండున్నర యేండ్ల తరువాత ప్రజాప్రతినిధులు ఒక బంతియాటగానిని సాక్షిగ పిలువవలసిన అగత్యము వచ్చియుండదేమో.

ఇప్పుడు జకార్తాను, పారిసును ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. రెండుచోట్లను ఆరోగ్యము చెడిన ఆటగాడు. రెండుచోట్లను అతనిని దింపిన శిక్షకుడు. ఒకచోట గెలుపు, ఒకచోట ఓటమి. మొదటివానిని దేవునిగ పూజించితిమి. రెండవవానిని బోనులో నిలిపితిమి. ఇది న్యాయమా? పోలీసువాడు అధికారము లేక ఒకని ఇల్లు సోదా చేసెననుకొందము. దొంగసొత్తు దొరకినంతమాత్రమున ఆ సోదా సక్రమమగునా? దొరకనంతమాత్రమున సక్రమమైన సోదా అక్రమమగునా? ఎట్లు నిర్ణయించిరన్నదియే చూడవలసినది. ఏమి దొరకినదన్నది కాదు. ఆటలోను అంతే. రహీముగారి నిర్ణయము గాయమును తెలిసి, దానికి తగిన స్థానమును వెదకి చేసినది. జగాలో నిర్ణయము ఆటకు ఇంక గంటయైన వ్యవధి లేనప్పుడు, ఆడవలెనని తహతహలాడు యువకుని మాటపై తలక్రిందులైనది. ఈ భేదము గోలుల సంఖ్యలో కనబడునది కాదు. గోలులను పక్కనబెట్టి అడిగినవానికే కనబడును.

కనుక ప్రేక్షకుడు ప్రశ్నింపవలసినదే. గెలిచిన దినమునను ప్రశ్నింపవలసినదే. ఓడినప్పుడు మాత్రమే అడుగువాడు న్యాయము కోరువాడు కాడు; కసి తీర్చుకొనువాడు. అయితే ఏమి అడుగవలెను, ఎట్లు అడుగవలెను? ఇందు మూడు హద్దులు కలవని మా అభిప్రాయము.

మొదటిది: అడుగుట వేరు, ఆజ్ఞాపించుట వేరు. 1970 ప్రపంచ కప్పునకు ముందు బ్రెజిలు సైనికపాలనలో నుండెను. జట్టు శిక్షకుడు జువావ్ సల్దాన్యా. అర్హతకొరకు 1969లో ఆడిన ఆరు ఆటలలో ఆరింటిని ఆయన జట్టు గెలిచియుండెను. దేశాధ్యక్షుడు జనరలు మెదిసికి దారియో అను ఆటగానిపై మక్కువ. అతనిని జట్టున చేర్చవలెనని ఆయన కోరిక. అధ్యక్షుని మంత్రివర్గమును నేను ఎన్నుకొనలేదు, నా జట్టును ఆయన ఎన్నుకొననక్కరలేదను అర్థమున సల్దాన్యా బదులు చెప్పెను. 1970 మార్చిలో ఆయన ఉద్యోగము పోయినది. అందుకు వేరు కారణములను కూడ చెప్పుదురు. ఆయన సౌమ్యుడు కాడు, కలహములు అనేకములు పెట్టుకొన్నవాడు. ఆయన స్థానమున వచ్చినవాడు పైన చెప్పిన జగాలోయే. దారియో జట్టున చేరెను గాని మెక్సికోలో ఒక్క నిమిషమైనను ఆడలేదు. బ్రెజిలు కప్పును గెలిచెను. గట్టు మీది సామాన్యుడు అడిగినది ప్రశ్న. సింహాసనము మీదివాడు అడిగినది ఆజ్ఞ. ఎవని చేతిలో శిక్షకుని ఉద్యోగమున్నదో వాడు జట్టు విషయమున నోరు మెదపకుండుటయే మర్యాద. మన దేశమున క్రీడాసంఘముల అధ్యక్షులుగ, జట్ల యజమానులుగ నుండు ధనికులును, రాజకీయనాయకులును ఈ కథను గుర్తుంచుకొందురుగాక.

రెండవది: అడుగుట వేరు, శిక్షించుట వేరు. 1950లో రియో నగరపు మరకానా మైదానమున ఉరుగ్వేతో ఓడిన దినమున గోలు కాచినవాడు బార్బోజా. ఒక్క గోలు విడిచినందుకు ఆ దేశము అతనిని చచ్చువరకు క్షమింపలేదు. ఈ దేశపు చట్టమున పెద్ద శిక్ష ముప్పది సంవత్సరములు, నేను చేయని నేరమునకు యాబది సంవత్సరములుగ శిక్ష అనుభవించుచున్నానని అతడు వృద్ధాప్యమున వాపోయెను. 2000 సంవత్సరమున మరణించెను. ఇట్టి కాఠిన్యము ఆటగాని ఒక్కనినే కాల్చి ఊరకుండదు. 1998 నాటి బ్రెజిలు వైద్యుడు లీడియో తొలేడో తరువాత ఒక మాట చెప్పెను. రొనాల్డోను నేను ఆపియుండి, జట్టు ఓడియుండినచో, ఉత్తరధ్రువమునకు పోయి కాపురముండవలసి వచ్చెడిదని ఆయన మాటల సారాంశము. పాఠకులు ఈ మాటను మరల చదువవలెను. రోగిని ఆడింపవలదని చెప్పవలసిన వైద్యుని తలపైన అభిమానుల కోపము కత్తివలె వ్రేలాడుచుండెను! ప్రశ్నింపవలసిన జనము బెదరించు జనమైనప్పుడు, ఎవనిని కాపాడవలెనని మనము ప్రశ్నింతుమో వాని ప్రాణమునకే మనము ముప్పు తెచ్చినవారమగుదుము. మన కలకత్తాలో 1980 ఆగస్టు 16న మోహన్ బగాన్, ఈస్టు బెంగాలు జట్ల ఆట నాడు ఈడెన్ గార్డెన్సులో అభిమానులు తమలో తాము కొట్టుకొనగా, ఆ తొక్కిసలాటలో పదియారుగురు ప్రాణములు విడిచిరి. అభిమానమునకు అదుపు తప్పినచో అందలి ప్రశ్నయు, దాని జవాబును కూడ కాళ్లక్రింద పడి నలిగిపోవును.

మూడవది: ఎత్తుల విషయమున వినయము, శరీరము విషయమున పట్టుదల ఉండవలెను. ఎవనిని ఎచ్చట నిలుపవలెనను మాటలో ప్రేక్షకుడు తోచినది చెప్పి, జవాబు విని, ఒప్పుకొనకున్నను ఊరకుండవచ్చును. శిక్షకుని పొరపాటుచేత ఒక కప్పు పోవును. మరుసటి యేడు మరల వచ్చును. కాని తల, వెన్ను, గుండె ఇట్టివి పోయిన మరల రావు. 2014 ప్రపంచ కప్పు ఫైనలున జర్మనీ ఆటగాడు క్రామరు తలకు దెబ్బ తగిలిన తరువాతను సుమారు పావుగంట సేపు మైదానముననే యుండెను. ఇది ఫైనలేనా యని అతడు రిఫరీని అడిగెననియు, ఆ రిఫరీ జర్మనీ జట్టువారికి ఆ సంగతి తెలిపిన మీదట అతనిని బయటికి తీసికొనిరనియు లోకమెరుగును. తానెచ్చట నున్నాడో తెలియనివాడు ప్రపంచ కప్పు ఫైనలు ఆడుచుండెను! జర్మనీ గెలిచినను ఆ ప్రశ్న అణగిపోలేదు. వైద్యులు, ఆటగాండ్ర సంఘములు, పత్రికలు, సామాన్యాభిమానులు అడుగుచునే యుండిరి. తలదెబ్బ తగిలినవానికి బదులు వేరొకని దింపుటకు అదనపు మార్పును 2021లో పరీక్షార్థము అనుమతించిరి. 2024లో ఆ నియమము ఆట చట్టములలోనికే ఎక్కినది. అడుగుచునే యుండినందున చట్టము మారినది. చూచి పొమ్మన్న పెద్దల మాట విని అందరును చూచి పోయియుండినచో మారియుండునా?

ఇదంతయు జకార్తా, పారిసు, రియో మాట. మనకేమి యని పాఠకులు అనుకొనవలదు. మన ఆంధ్ర, తెలంగాణా పట్టణములలో పాఠశాలల పందెములు, జిల్లాల పోటీలు, సంక్రాంతి, దసరా దినముల కప్పులు జరుగుచున్నవి. అచ్చట కెమెరాలు లేవు, వైద్యులు లేరు, విచారణసంఘములు అంతకన్న లేవు. బాగుగ ఆడు ఒక్క కుర్రవానిని పాఠశాల జట్టు, క్లబ్బు జట్టు, జిల్లా జట్టు ఒకే వారములో పంచుకొని ఆడించుట మనమెరుగనిది కాదు. చీలమండ బెణికినవానికి గుడ్డ చుట్టి, నొప్పి తెలియకుండ మందు చిమ్మి మరల తోలుట మన కన్నుల యెదుటనే జరుగుచున్నది. ఆ పిల్లవాడు ఆడననడు. అనిన రేపటి జట్టులో పేరుండదని వాని భయము. తండ్రి అడుగడు, డ్రిల్లు మాస్టరునకు కోపము వచ్చునని అతని భయము. భయము లేనివాడు అచ్చట ఒక్కడే, గట్టు మీద నిలుచున్న ప్రేక్షకుడు. అతనికి జట్టులో చోటు అక్కరలేదు, కప్పులో వాటా లేదు. కనుకనే అడుగవలసిన భారము అతనిపై పడినది.

అతడు కేకలు వేయనక్కరలేదు. ఆట ముగిసిన తరువాత మాస్టరుగారి వద్దకు పోయి, "అయ్యా, ఆ పిల్లవానికి కాలు నొప్పిగ నున్నట్లు కనబడినది. వైద్యునికి చూపితిరా? ఏమనిరి?" అని మర్యాదగ అడిగిన చాలును. మంచి మాస్టరు సంతోషించి జవాబు చెప్పును. జవాబు లేని మాస్టరు రెండవ సారి ఆ ప్రశ్న వచ్చునని తెలిసి, దింపుటకు ముందు ఒక్క క్షణమైన ఆలోచించును. ఆ ఒక్క క్షణము చాలును, ఒక కుర్రవాని కాలు నిలుచుటకు. అందుచేత మా పాఠకులను మేము కోరునది ఇదియే: ఈ యేడు మీ ఊరి మైదానమున మీ జట్టు గెలిచిన దినముననే ఆ మాట అడుగుడు. ఓడిన దినమున అడుగువారు ఎట్లును పదిమంది ఉందురు.